కార్డు వచ్చిన తేదీ

పోయిన వారం మనం లిదియాను ఎర్రపెన్ను మూత తీసిన చోట వదిలేశాం. వారం గడిచినా పెన్ను ఎండిపోలేదు, సంతకమూ పడలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, నారాయణఖేడ్‌లోని కరుణాలయం దవాఖానలో టీబీ కార్డులు చూసే గుమాస్తా లిదియా. జహీరాబాద్‌లో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకుని, చర్చిలో పాటలు పాడే గొంతుతోనే ఇప్పుడు అంకెలు చదువుతోంది. ఆమె తమ్ముడు గిద్యోనుకు టీబీ. మందు తింటూనే ఉగాది దాటాక హైదరాబాద్‌లో మేస్త్రీ దగ్గర పనికి పోయాడు. మనిషి రాలేదు, ఉత్తరం రాలేదు. కానీ సిర్గాపూర్‌లో ఉండే అతని భార్య ఆనందమ్మ నెలనెలా కార్డు పట్టుకొచ్చి, గోలీలు తీసుకుని, "బాగున్నడు వదినె, బస్సుల మందు పంపుతున్న" అని చెప్పి పోతోంది. నెలనెలా మందు మానేసినవాళ్లను వెతికి పట్టుకునే ప్రోగ్రాం కూడా గిద్యోను పేరు ఎప్పుడూ పట్టుకోలేదు. మరదలూ కంప్యూటరూ ఒకే మాట చెబుతుంటే ఆడబిడ్డ నమ్మక ఏం చేస్తుంది?

ఆ ప్రోగ్రాంలో పదకొండు లైన్లు మార్చి, అచ్చుకొట్టి, లిదియా ముందు పెట్టాడు సంగమేశ్వర్. కొత్తగా చేరిన కుర్ర ఆపరేటర్. మార్పంటే పెద్దదేం కాదు, పేర్ల మార్పు.

అంతకుముందు హైదరాబాద్ నుంచి ఒక మహానుభావుడు వచ్చి మూడు రోజుల్లో ఆ ప్రోగ్రాం రాసి, నాలుగో రోజు కోడికూర తిని, బస్సెక్కి పోయాడు. మళ్లీ కనబడలేదు. ప్రోగ్రాంలో ఒక్కో వివరం దాచుకోవడానికి ఒక్కో డబ్బా ఉంటుందనుకోండి. మన వంటింట్లో పప్పుల డబ్బాల్లాగే. ఆయన ఆ డబ్బాలకు ఎ అని, ఎఎ అని, ఎఎఎ అని పేర్లు పెట్టాడు. ఓపిక అయిపోయాక కె, కె1, డి2. ఒకదానికి మాత్రం 'రాణి' అని పెట్టాడు. ఆ రాణి ఎవరో దేవుడికెరుక. మూత తీస్తే అందులో ఉన్నది పిన్‌కోడ్.

మన వంటింట్లోనూ బోర్న్‌విటా డబ్బాలో ధనియాలు, బిస్కెట్ల డబ్బాలో మెంతులే ఉంటాయి. ఇంటావిడకు ఇబ్బందేం లేదు. ఆమె పుట్టింటికి పోయిన రోజున వంటకు దిగిన మొగుడికే తెలుస్తుంది. సంగమేశ్వర్ పరిస్థితి ఆ మొగుడిది. అందుకే డబ్బాలన్నిటికీ చూడగానే తెలిసే పేర్లు పెడతానని డాక్టరమ్మను అడిగాడు. ఆమె చీటీ మీద రాసిచ్చింది: "పేర్లు మాత్రమే. పని మారకూడదు."

చీటీతో పాటు ఒక షరతు. ఆ దవాఖానలో ఒకరు కలిపిన మందును ఇంకొకరు సీసా పట్టుకుని పేరు పైకి చదవాలి, చదివినవాళ్లు సంతకం పెట్టాలి. ఆమె ఆ ఆచారాన్ని కంప్యూటర్‌కూ అంటగట్టింది. ఒకరు మార్చిన లైను ఇంకొకరు పైకి చదవనిదే యంత్రంలోకి పోదు. కాబట్టి మంగళవారం పొద్దున, బయట వరండాలో గోలీల లైను నడుస్తుండగా, లోపలి గదిలో లిదియా చదవడం మొదలుపెట్టింది.

"మొదటి లైను. పాత పేరు ఎ. కొత్త పేరు కార్డునంబర్."

"కరెక్టు."

"రెండోది. ఎఎ పోయి ఊరు."

"కరెక్టు అక్కా. జర జల్దీ చదువు. ఒంటిగంటకు కరెంటు పోతది."

"నాలుగోది. రాణి పోయి పిన్‌కోడ్. అయ్యో పాపం."

"ఎవరికి పాపం?"

"రాణికే. ఒక్క దగ్గరన్న ఆమె పేరుండె."

సంగమేశ్వర్ నవ్వాడు. లిదియా ప్రతి లైను పక్కనా ఎర్రగా చిన్న టిక్కు పెడుతూ ఏడో లైను దాకా వచ్చింది. అక్కడ పెన్ను ఆగింది.

"గిదేంది? డి2 పోయి... రోగివచ్చె?"

"రోగి వచ్చిన తేదీ అక్కా. పది అక్షరాలు దాటితే యంత్రం తోక కోసేస్తది. అందుకే కుదించిన."

"రోగి వచ్చిండా?"

"వస్తేనే గదా తేదీ వేస్తరు."

"తేదీ ఎక్కించేది నేను. కార్డు మీద ముద్ర చూసి ఎక్కిస్త. రోగిని చూసి కాదు."

"ముద్ర పడ్డదంటే వచ్చినట్టే గదక్కా. ఊకె పరేషాన్ చేస్తవ్."

లిదియా వరండా వైపు తిరిగి, "భూమన్నా, ఒక్క నిమిషం!" అని పిలిచింది.

కాంపౌండర్ భూమన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా గోలీలు లెక్కపెట్టిన మనిషి. మాట్లాడేటప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ ఏదో లెక్కపెడుతూనే ఉంటాయి.

"ఏందమ్మా? బయట నాగల్‌గిద్దోళ్లు నిలబడ్డరు."

"నువ్వు కార్డు మీద ముద్ర ఎప్పుడు కొడ్తవు?"

"కార్డిస్తే కొడ్త."

"మనిషి లేకున్నానా?"

"మనిషెక్కడుంటడు? సగం మంది పట్నంల ఇటుకలు మోస్తుండ్రు. పెండ్లామో తల్లో కార్డు పట్కొస్తది, మందు పట్కపోతది. గీ ముచ్చట నీకెరికలేదా? మీ తమ్ముని కార్డు ఎవరు తెస్తుండ్రు మరి?"

లిదియాకు ఎరుకే. ఊరందరికీ ఎరుకే. కూలికి పోయినవాడు మందు కోసం నెలకోసారి రోజు కూలి పోగొట్టుకుని నూటపాతిక కిలోమీటర్లు రాలేడు కాబట్టి కార్డు వస్తుంది. కార్డు వస్తే మనిషి వచ్చినట్టే. ఏనాడో మొదలైన వాడుక అది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. కాకపోతే ఆ సంగతి కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే.

"మరి నిజంగ మనిషే వస్తే ఎట్ల తెలుస్తది?" అని అడిగింది.

"కాంటా ఎక్కిస్త. బరువు రాస్త. రాకపోతే ఆ గడి ఖాళీ. కార్డును కాంటా మీద పెట్టి తూచమంటవా ఏంది?"

భూమన్న వెళ్లిపోయాడు. సంగమేశ్వర్ కాగితం తన వైపు లాక్కున్నాడు.

"అక్కా, నా మాట విను. పేరు మారిస్తే లెక్క మారదు. డి2 అన్నా గదే తేదీ, రోగివచ్చె అన్నా గదే తేదీ."

"డి2 అన్నప్పుడు మనకు ఏం తెల్వదని మనకు తెలుస్తుండె. ఇప్పుడు అన్నీ తెలిసినట్టు కొడ్తది. పేరు లేని డబ్బా అయితే మూత తీసి చూస్తరు. పేరు రాసున్న డబ్బాను నమ్ముతరు."

"సరే. కార్డువచ్చె అని పెడ్త. ఖుషీనా?" అతను పెన్సిల్‌తో కొట్టేసి రాశాడు. "ఇగ సంతకం పెట్టు."

"ఇప్పుడు ఎనిమిదో లైను చదువు. నువ్వే చదువు."

అతను చదివాడు. "కార్డువచ్చె... ముప్పై అయిదు రోజులు దాటితే..." చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. "...రోగి తప్పినట్టు రాయి."

తొమ్మిది నెలలుగా ఆ ప్రోగ్రాం నెలకు నలుగురినో అయిదుగురినో పట్టిచ్చేది. వాళ్లకు రమ్మని పోస్టుకార్డు రాసేవాళ్లు. మానేసినవాళ్లు ఇంత తక్కువ అని జిల్లా మీటింగులో డాక్టరమ్మకు చప్పట్లు కూడా కొట్టారట. ఆ లైను తొమ్మిది నెలలుగా వెతుకుతున్నది మనుషుల్ని కాదు, అట్టముక్కల్ని. ఆ అట్టముక్కలు చాలా క్రమశిక్షణ గలవి. నెల తప్పేవి కావు.

"ఇప్పుడు చదివితే చెండాలంగ వినిపిస్తుంది అక్కా," అన్నాడు సంగమేశ్వర్.

"ఇన్నాళ్లు గూడ గట్లనే ఉండె. వినపడలే."

"అయినా మనం చేసేదేముంది? పని మారొద్దని రాసిచ్చింది డాక్టరమ్మ. ఆమె సంగారెడ్డి కెళ్లి శుక్రవారం దాకా రాదు."

"ప్రోగ్రాం ముట్టకు. ఊకె యంత్రాన్ని ఒక మాట అడుగు. జూన్ సంది బరువు గడి ఖాళీ ఉన్నోళ్లు ఎవరెవరు అని."

"అడిగితే ఏమొస్తదో తెలుసా నీకు?"

"తెల్వదు గన్కనే అడగమంటున్న."

అతను అడిగాడు. ప్రింటరు గొంతు చించుకుంటూ ఒక కాగితం కక్కింది. మొత్తం కార్డులు అరవై మూడు. బరువు గడి ఖాళీగా ఉన్నవి ముప్పై ఎనిమిది. నాగల్‌గిద్ద, బోరంచ, ఆ పక్క తండాలు. ముప్పై ఎనిమిది మందిని ఈ మూడు నెలల్లో ఈ దవాఖానలో ఎవరూ కళ్లతో చూడలేదు. మందు తింటున్నారో, పడేశారో, అసలు ఉన్నారో లేదో చెప్పగలిగినవాళ్లు ఈ గోడల మధ్య ఎవరూ లేరు.

లిదియా వేలు పెట్టి పేర్లు చదివింది. మొదటిసారి వేగంగా, రెండోసారి నెమ్మదిగా.

గిద్యోను పేరు లేదు.

ముప్పై ఎనిమిది మంది కనబడనందుకు బాధపడాల్సిన మనిషి, ఒక్కడు కనబడినందుకు సంతోషించింది. ఆ పాపం దేవుడు రాసుకుంటే రాసుకోనీ. కుర్చీలో వెనక్కి వాలి, కొంగుతో మెడ తుడుచుకుంది. అంటే తమ్ముడు వచ్చాడు. కాంటా ఎక్కాడు.

"వాని కార్డు తియ్యి, చూస్త," అంది.

తెర మీద కార్డు వచ్చింది. మార్చి, యాభై రెండు కిలోలు. ఏప్రిల్ ఖాళీ. మే ఖాళీ. జూన్, నలభై నాలుగు. జూలై, నలభై మూడు. ఆగస్టు, నలభై ఒకటి.

సంతోషం ఎంతసేపున్నదంటే, ఆ మూడు అంకెలు చదివినంత సేపు.

మూడుసార్లు వచ్చాడు. ఆ కాంటాకూ ఈ కుర్చీకీ మధ్య పన్నెండు అడుగులు. చిన్నప్పటి నుంచీ అక్క టిఫిన్ గిన్నె ఖాళీ చేయనిదే గడప దాటని మనిషి, మూడుసార్లు వచ్చి అక్కను చూడకుండా పోయాడా? అదీ పదకొండు కిలోలు తగ్గి?

"గీ బరువులు ఎక్కించింది నువ్వేనా?"

"నేనే. నువ్వు తేదీ వరకే గదా, మిగిలిన గడులు నావి. కార్డు మీద ఏముంటే అది. సిర్గాపూర్ దిక్కు కార్డులు జగన్నాథ్ బల్ల కాడికి పోతయి గదా. ఆయన రాసిన బరువులు ఇవి."

లిదియా మళ్లీ జాబితా చూసింది. అప్పుడు గమనించింది, అందులో సిర్గాపూర్ వైపు పేరు ఒక్కటీ లేదు. జూన్‌లో చేరిన రెండో కాంపౌండర్ జగన్నాథ్ బల్ల దగ్గర ఒక్క గడి ఖాళీ లేదు. అతను భూమన్నలాంటి మెతక మనిషి కాదు. గడి ఖాళీగా ఉంటే మందు చేతికివ్వడు. పద్ధతి గల మనిషి అని డాక్టరమ్మ మెచ్చుకున్నది కూడా.

లిదియా లేచి వరండాలోకి వెళ్లింది. జగన్నాథ్ ఆ పూట సెలవు. అతని బల్ల లైను కూడా భూమన్న ముందే నిలబడింది. లైనులో అయిదో మనిషి ఆనందమ్మ. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, చేతిలో కార్డు. ఆడబిడ్డను చూడగానే కొంగు సర్దుకుని నవ్వబోయింది.

"లోపటికి రా," అంది లిదియా.

"లైను పోతది వదినె. ఒంటిగంట బస్సున్నది."

"రా అంటున్న గదా."

లోపలికి వచ్చింది. సంగమేశ్వర్ లేచి కుర్చీ జరిపితే కూర్చోలేదు. గోడకు ఆనుకుంది.

"తమ్ముడు ఎప్పుడొచ్చిండు ఆనందమ్మా?"

"ఏ తమ్ముడు?"

"నాకు ఎంతమంది తమ్ముళ్లున్నరు?"

ఆనందమ్మ కార్డును చేతుల్లో తిప్పింది. "పోయిన నెల వచ్చిండు. నిలబడలే. మేస్త్రీ తిడ్తడని ఉరికిండు."

"కాంటా ఎక్కిండా?"

"ఎక్కిండు."

"ఎంతున్నడు?"

"నాకేమెరుక, చదువు రానిదాన్ని."

"జూన్ల గూడ ఎక్కిండు, జూలైల గూడ ఎక్కిండు. మూడుసార్లు ఊర్లకొచ్చిండు, అక్క కాడికి రాలే. నేనేం తప్పు చేసిన వానికి? చెప్పు, ఏమన్న అన్నడా నా మీద?"

తిడితే ఆనందమ్మ తట్టుకునేదేమో. ఆడబిడ్డ గొంతు అలా పలికేసరికి తట్టుకోలేకపోయింది. గోడ వెంట జారి కింద కూర్చుంది.

"రాలే వదినె. ఆయన రాలే."

"మరి కాంటా ఎక్కిందెవరు?"

"ఆ సారు కార్డు సూడంగనే ఎక్కు అన్నడు. గిది మా ఆయనదయ్యా అన్న. గడి ఖాళీ ఉంటే మందియ్య, ఎక్కితే ఎక్కు లేకుంటే పో అన్నడు. ఎక్కిన. ఆయన నా మొకం దిక్కు సూడలే. కాంటా దిక్కే సూసిండు."

సంగమేశ్వర్ పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు.

"మందు పంపుతున్నవా మరి?" అంది లిదియా.

"యాడికి పంపాలె? వానలకు ముందే పని కాడ్నుంచి పోయిండట. ఇంటికి పోతున్న అని మేస్త్రీకి చెప్పిండట. ఇంటికి రాలే. నేను రెండుసార్లు పోయి సూసొచ్చిన వదినె, లింగంపల్లి కాడ. ఆ కట్టుబడి అయిపోయింది. అద్దాలు గూడ బిగించిండ్రు. ఆన్నుంచి అందరు పోయిండ్రు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే కంప్యూటర్ల రాస్తవు. రాస్తే పేరు కొట్టేస్తరు. మల్ల ఆయనొస్తే మొదటి కెళ్లి తిరగాలె. అందుకే మందు తీస్కపోయి రేకు పెట్టెల పెడుతున్న. ఒక్క గోలి పోలే వదినె, సీల్ గూడ ఇప్పలే. అచ్చంగ ఉన్నయి. వచ్చిన్నాడు తింటడు."

జూన్ నుంచి మనిషి లేడు. మందు ఉంది. కార్డు ఉంది. కార్డు మీద బరువు కూడా ఉంది. ఇంత పకడ్బందీగా కనబడకుండా పోయిన మనిషి ఈ తాలూకాలో ఇంకొకడు ఉండడు. ప్రోగ్రాం సరిగ్గా ఉండి జూన్‌లోనే అతని పేరు పట్టిచ్చి ఉంటే ఏమయ్యేదని లిదియా ఆలోచించింది. ఒక పోస్టుకార్డు వెళ్లేది. సిర్గాపూర్‌కు, గిద్యోను ఇంటికి. చదువు రాని ఆనందమ్మ చేతికి.

"ఆ బల్ల కాడ నువ్వొక్కదానివేనా గిట్ల ఎక్కింది?"

"నేనొక్కదాన్నేంది? మొన్న లైన్ల ఏడుగురం ఉంటిమి. ఏడుగురం ఆడోళ్లమే. శంకరమ్మ ఎక్కింది, హన్మమ్మ ఎక్కింది. హన్మమ్మ కొడుకు బొంబాయిల ఉన్నడంట. ఆమె లావు గదా, కొడుకు దుక్కగున్నడని సారు మెచ్చుకున్నడు."

చెప్పి తనే చిన్నగా నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

"అక్కా," అన్నాడు సంగమేశ్వర్ నెమ్మదిగా. "తొమ్మిదో లైన్ల ఆ గడికి రోగిబరువు అని పేరు పెట్టిన."

"కొట్టెయ్."

"మరేం రాయాలె?"

లిదియా తెర మీది అంకెల్నే చూస్తోంది. తమ్ముడివి అనుకుని చదివిన అంకెలు. నలభై నాలుగు, నలభై మూడు, నలభై ఒకటి. తమ్ముడు కాదు కదా తగ్గింది. చూపు తెర మీది నుంచి కిందికి, గోడ వారగా కూర్చున్న మనిషి మీదికి దిగింది. జాకెట్టు చేతులు వదులయ్యాయి. మెడ కింద రెండు గుంతలు. మూడు నెలలు ఎదురుపడినప్పుడల్లా 'మా తమ్ముడు బాగున్నడా' అని అడిగిందే కానీ, మనిషిని చూడలేదు. జగన్నాథ్‌ను అనడానికి తనకు నోరెక్కడిది?

"ఎన్ని దినాల సంది ఈ దగ్గు?"

"దుమ్ముకు వదినె. కందిచేన్ల కలుపుకు పోతున్న గదా."

"సాయంకాలం జ్వరం వస్తుందా?"

ఆనందమ్మ కొంగు మెడ చుట్టూ లాక్కుంది.

"ఆ గోలీలు ఒక్కటన్న నోట్లె ఏసుకున్నవా?"

"అయ్యో, అవి ఆయనవి!"

ఇంట్లో రేకు పెట్టె నిండా మందు. సీల్ విప్పలేదు. లిదియా సొరుగు లాగి కొత్త కార్డు తీసింది. తెల్లటి కార్డు, పేరు చోట గీత మాత్రమే ఉన్నది. మరదలి చెయ్యి పట్టుకుని లేపి వరండాలో జగన్నాథ్ బల్ల దగ్గరికి నడిపించింది. లైనులో ఉన్న ఆడవాళ్లు చేతుల్లో మొగవాళ్ల కార్డులతో ఇటు తిరిగారు. భూమన్న వేళ్లు లెక్క మరిచి ఆగాయి.

"ఎక్కు," అంది లిదియా. "ఇయ్యాల నీ పేరు మీద ఎక్కు."

ఆనందమ్మ కాంటా వైపు చూసింది. ఆడబిడ్డ చేతిలోని తెల్ల కార్డు వైపు చూసింది. తన చెయ్యి విడిపించుకుని, గిద్యోను కార్డును రవికెలో దోపుకుని, ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ఎక్కను వదినె. ఇన్నాళ్లు ఎక్కింది ఆయన. ఇప్పుడు నేను ఎక్కితిననుకో, ఆయన లేడని రాస్తవు."